డయోడ్ ఎందుకు కాలిపోతోంది?

ప్రశ్న: సార్, ఈఈఈ థర్డ్ ఇయర్ నేను. ల్యాబ్‌లో కిట్‌కి వైర్లు గుచ్చి వేవ్‌ఫామ్ రికార్డులో గీయడమే, అందుకే రూమ్‌లో సొంతంగా 12 వోల్టుల నుంచి 5 వోల్టులకి బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) కట్టా, 50 కిలోహెర్ట్జ్‌లో నడిపితే అందులో కరెంటుని ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ ముట్టుకోలేనంత వేడెక్కుతోంది. తప్పెక్కడ?

జవాబు: సొంతంగా కట్టావు చూడు, చాలా సంతోషం నాన్నా, ప్రతి స్టూడెంట్ చేతా ఒక్క బోర్డయినా ఇలా కట్టించాలి, కిట్ మూత కింద ఇవన్నీ కనపడవు. 1ఎన్4007 మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌కి సరిపోయేది, ఆఫ్ అవడానికి టైమ్ తీసుకుంటుంది, ఈలోపు స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్ ఆన్ అయిపోతే సప్లై కరెంటు డయోడ్‌లో రివర్స్‌గా గ్రౌండ్‌కి దూసుకుపోతుంది, అదీ సెకనుకి 50 వేల సార్లు. దాని బదులు చాలా వేగంగా ఆఫ్ అయ్యే 1ఎన్5822 షాట్కీ డయోడ్ పెట్టు. సప్లైలో కరెంట్ లిమిట్ ముందు అర ఆంపియర్ దగ్గర పెట్టాకే స్విచ్ వెయ్యి, అప్పుడు ఏదైనా షార్ట్ అయినా మాస్‌ఫెట్ మిగిలే అవకాశం ఎక్కువ.