ముత్తాత గారి జిల్లా విషయమై సమాధానం

విశాఖలో మీ ఇంట ఉన్న 1938 నాటి దస్తావేజు ముత్తాత గారిది విశాఖపట్నం జిల్లా అంటుండగా, దూరపు బంధువులు వాట్సాప్‌లో శ్రీకాకుళం జిల్లా అని పట్టుబడుతున్నారని రాశారు. రెండు మాటలూ నిజం కావచ్చునండి. శ్రీకాకుళం ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండి, ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో ప్రత్యేక జిల్లా అయింది. అందువల్ల జిల్లా పేరుపై వాదన మాని, దస్తావేజులోని గ్రామం, తాలూకా, పొలం హద్దులను బంధువుల కాగితాలతో పోల్చండి.

అసలు జాగ్రత్త పేర్ల దగ్గర అవసరం. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు వ్యక్తులు ఒక్కరిగా కలిసిపోతారు. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లు వరుసగా చెబుతారు కనుక, మీ వంశంలోని ప్రతి శాఖలోనూ తద్దినం పెట్టే పెద్దవారిని ఆ మూడు పేర్లు, గోత్రం, తిథి అడిగి, ఎవరు చెప్పారో కూడా గూగుల్ షీట్‌లో నమోదు చేయండి. ఇది ఆలస్యం చేయవద్దు. ఆ పెద్దలే మీకున్న అసలైన ఆధారం. జీవించి ఉన్నవారి పుట్టిన తేదీలు మాత్రం అందులో చేర్చకండి.