టెక్ సందేహాలు: ఫొటోలో ఒక రంగు, పార్సిల్‌లో ఇంకో రంగు

ఈ వారం వచ్చినవాటిలో ఫొటోల గొడవలే ఎక్కువ. అందరూ కెమెరాను తిడుతున్నారు. పంపిన ఫొటోలు చూస్తే తేడా లైటింగ్ దగ్గరే ఉందని తెలిసిపోతోంది.

ఇంట్లోనే మంగళగిరి చీరలు అమ్ముతుంటాను. వాట్సాప్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టినవాళ్లు చీర అందాక రంగు వేరేగా ఉందని వెనక్కి పంపుతున్నారు. రింగ్ లైట్ కూడా కొన్నాను. మంచి ఫోన్ తీసుకోమంటారా? – ఓ పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

ఫోన్ జోలికి పోకండమ్మా, ఉన్నది చాలు. మీరు పంపిన ఫొటోలో అదే చీర ఎడమవైపు నీలంగా, కుడివైపు పసుపుగా ఉంది. ఎడమన కిటికీ, కుడిన పసుపు మోడ్‌లో రింగ్ లైట్. వెలుతురు రంగును కెల్విన్ అనే అంకెల్లో కొలుస్తారు. మధ్యాహ్నపు ఎండ దాదాపు 5500 కెల్విన్ ఉంటుంది. పసుపు బల్బు 2700 నుంచి 3000. నీడపట్టున పడే వెలుతురైతే 7000 కూడా దాటుతుంది. అంకె పెరిగేకొద్దీ నీలం, తగ్గేకొద్దీ పసుపు. ఫోన్ సాధారణంగా ఫొటో మొత్తానికి ఒకే వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగుల సర్దుబాటు) పెడుతుంది కాబట్టి రెండు రకాల వెలుతురు కలిస్తే ఏదో ఒక పక్క రంగు తప్పుతుంది.

అందుకని ఒకటే వెలుతురు వాడండి. కిటికీ అయితే గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. లైటు అయితే కర్టెన్ వేసేయండి. నా ఓటు కిటికీకే. చీరను కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా వేలాడదీయండి. వెలుతురు అడ్డంగా పాకితే నేత కనిపిస్తుంది, అంచులో జరీ పోగులు విడివిడిగా తేలతాయి. రింగ్ లైట్ ఎదురుగా పెట్టినప్పుడు జరీ తెల్లగా మెరిసిపోయి, నేతంతా చదునుగా కనిపించేది అందుకే. నేరుగా ఎండ పడుతుంటే కిటికీకి తెల్ల పంచె కట్టండి. చీరకు రెండో పక్క చీకటిగా ఉంటే అటు ఓ థర్మోకోల్ షీటు నిలబెట్టండి. సినిమా షూటింగుల్లో చేసేదీ ఇదే.

ఉత్తరం కిటికీలోకి ఎండ రాదు, అది శ్రేష్ఠమని ఫొటోగ్రఫీ పుస్తకాలు చెబుతాయి. అవి చలిదేశాల లెక్కలు. మన దగ్గర మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే పోతాడు. ఆ రోజుల్లో ఉత్తరం కిటికీకీ పంచె తప్పదు. ఇంకోటి, మీ గోడలు లేతాకుపచ్చ. వాటిమీద పడి వచ్చే వెలుతురులో ఆ ఆకుపచ్చ కొంత చీరకు అంటుతుంది. వెనకా పక్కనా తెల్ల దుప్పటి కట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆటో వైట్ బ్యాలెన్స్‌ను నమ్మకండి. ఫ్రేమంతా ఎర్ర చీర ఉంటే, వెలుతురే ఎర్రగా ఉందనుకుని ఫోన్ రంగును నీలంవైపు లాగేస్తుంది. కెమెరాలో సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లో చీర పక్కన తెల్ల కాగితం పెట్టి, అది తెల్లగా కనపడేదాకా కెల్విన్ జరిపి వదిలేయండి. ఆ పూట తీసే చీరలన్నింటికీ అదే అంకె. కాకపోతే మబ్బు పట్టినా, ఎండ తిరిగినా మళ్లీ చూసుకోవాలి.

రాత్రిళ్లు తీయక తప్పదంటే బల్బు డబ్బామీద సీఆర్ఐ అంకె (ఆ వెలుతురులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పేది) చూసి కొనండి. 95 లేదా అంతకంటే ఎక్కువుంటే మంచిది. చవక ఎల్ఈడీల్లో ముదురు ఎరుపు తక్కువ, అందుకే మెరూన్ చీర గోధుమ రంగులోకి దిగిపోతుంది. లైటులోనే లేని రంగును ఎడిటింగ్‌లో తేలేం. ఇంత చేసినా కొనేవాళ్ల ఫోన్లో స్క్రీన్ రంగులు పెంచి చూపే ‘వివిడ్’ మోడ్‌లో ఉంటే రంగు కొంత మారుతుంది. గుమ్మం దగ్గర తీసిన చిన్న వీడియో ఒకటి జత చేయండి, పేచీలు తగ్గుతాయి.

మిర్చి యార్డులో మాది కమీషన్ కొట్టు. తేజ కాయ ఫొటో తీసి బయట ఊళ్ల పార్టీలకు పంపితే ఎర్రటి ముద్దలా ఉంటోంది. తాలు కాయ ఏదో, మంచి కాయ ఏదో తెలియట్లేదంటున్నారు. – ఓ పాఠకుడు, గుంటూరు

ప్రతి పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటీ 0 నుంచి 255 వరకే ఉంటాయి. మిర్చి కుప్ప తీసేటప్పుడు ఎరుపు ముందే 255కి చేరి ఆగిపోతుంది. ఇక లేత ఎరుపు, ముదురు ఎరుపు అన్న తేడా ఉండదు. మిగతా ఫొటో బాగానే ఉంటుంది కాబట్టి ఆ సంగతి మనకు తట్టదు. కాయలమీద వేలు పెట్టి నొక్కండి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. ఫొటో కాస్త మసకగా అనిపించినా ముడతలు, తొడిమలు తిరిగి వస్తాయి. రంగులు పెంచే ఏఐ సీన్ మోడ్ ఉంటే ఆఫ్ చేయండి.

నీలం పట్టా కింద అస్సలు తీయొద్దు. వెలుతురు ఆ పట్టాలోంచి దిగితే కాయకూ నీలం వచ్చేస్తుంది. షెడ్డు అంచుకు వచ్చి, గోనె సంచిమీద గుప్పెడు కాయ పరిచి, ఉదయం పక్కనుంచి వెలుతురు పడేలా తీయండి. రంగు పెంచి పంపాలని మాత్రం చూడకండి. సరుకు దిగాక అవతలివాళ్లు ఎలాగూ రంగు పరీక్ష చేయించుకుంటారు.

పెళ్లి ఫొటోగ్రఫీ మొదలుపెట్టాను అన్నా. ముఖాల మీద నీడలు గట్టిగా పడుతున్నాయి. పెద్ద వాట్స్ ఫ్లాష్ కొంటే సరిపోతుందా? – ఓ పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

వాట్స్‌కీ నీడకీ సంబంధం లేదు తమ్ముడూ. లైటు ముఖానికి ఎంత పెద్దదిగా కనిపిస్తుందన్నదే లెక్క. సూర్యుడి అడ్డుకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. ఉన్నది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో కాబట్టి మనకు అర డిగ్రీ చుక్కే. అందుకే ఎండలో నీడ కత్తిరించినట్టు పడుతుంది, అదే మబ్బు కమ్మితే ఆకాశమంతా లైటై నీడ కరిగిపోతుంది. 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (లైటు ముందు తెల్ల గుడ్డ ఉండే పెట్టె) ముఖానికి మీటరు దూరంలో ఉంటే నీడ మెత్తగా పడుతుంది, మూడు మీటర్లకు జరిపితే గట్టిపడుతుంది.

దగ్గరికి తేవడంలో ఓ చిక్కుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. పెళ్లికూతురు ఒక్కతే అయితే లైటు దగ్గరగా పెట్టు. చుట్టాలు పదిమంది వరసగా నిలబడితే మాత్రం వెనక్కి జరుపు, లేకపోతే ఈ చివర బాబాయి తెల్లగా, ఆ చివర పిన్ని చీకట్లో ఉంటారు. మంటపంలో ఫ్లాష్‌ను పైకి తిప్పి బౌన్స్ చేయాలంటే తెల్ల సీలింగ్ ఉండాలి. ఎర్ర, పసుపు షామియానా గుడ్డకు తగిలి వస్తే అందరి ముఖాలకూ ఆ రంగే.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీమీద ఎగువవైపు సూర్యాస్తమయం పెట్టి ఫొటో తీస్తే మనుషులు నల్లగా వస్తున్నారు. రాత్రి లైట్ల కింద వీడియోలో గీతలు పాకుతున్నాయి. – ఓ పాఠకురాలు, విజయవాడ

ఆకాశం తెల్లబోకుండా ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వెళ్లే వెలుతురు) తగ్గించి పెట్టుకుని, మనుషులమీద వేరే లైటు వేయాలి. కెమెరా ఫ్లాష్ అయితే దానికి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) తగిలించండి, లేకపోతే వెనకంతా కుంకుమ రంగు, ముఖాలు మాత్రం నీలం. ఫోన్ ఫ్లాష్ నాలుగడుగులు దాటితే దండగ. ఫోనే ఉంటే మనుషుల్ని నల్లటి ఆకారాలుగానే వదిలి, పక్కకు తిప్పి నిలబెట్టండి, అదీ బాగుంటుంది.

గీతల సంగతి: మన కరెంటు 50 హెర్ట్జ్, దానిమీద నడిచే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు పెట్టండి. కెమెరా సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ ఉంటే 50 హెర్ట్జ్ ఎంచుకోండి. ఐఫోన్‌లో అయితే వీడియో సెట్టింగుల్లో పాల్ (PAL) ఫార్మాట్లు ఆన్ చేసి సెకనుకు 25 ఫ్రేముల్లో తీయండి. డెకరేషన్ ఎల్ఈడీలు కొన్ని వాటి లెక్కన అవి మిణుకుతాయి, వాటికి షట్టర్‌ను కొంచెం కొంచెం జరిపి చూడటమే దారి.