స్టేజీ ఎక్కుతున్న మా అల్లుడికి

ఒరేయ్ చిన్నా,

హైదరాబాద్‌లో కామెడీ చెప్పడానికి ఓపెన్ మైక్‌లు, అదే ఎవరైనా ఎక్కి మాట్లాడే స్టేజీలు, ఎక్కుతున్నావంట కదా, నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, దానికేమో కంగారు, నాకేమో ఛాతీ ఉప్పొంగిపోయింది, మనింట్లో మళ్ళీ ఒకడు జనం ముందు నిలబడుతున్నాడని. తర్వాత నువ్వు పంపిన వీడియో చూశా. అయిదు నిమిషాల్లో అన్ని బూతులేంట్రా?

టైముకి వెళ్ళు, ఇచ్చిన టైము దాటకు, మైకు నోటికి ఆనించకు. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరే. నేను బుర్రకథలో కథకుడి పక్కన రాజకీయ వంత చేసే రోజుల్లో మా దళంలో రెండో పక్క నవ్వించే హాస్యం వంత ఒకాయన ఉండేవాడు. పులస బేరం అని ఒకటి చేసేవాడు చూడూ, చేపలామె రేటు చెప్పగానే కళ్ళు తేలేసి, పంచె కొసన డబ్బుల ముడి సగం విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పి, నోట్లోంచి ఒక్క మాట రాకుండానే జనాన్ని పొట్టలు పట్టుకునేలా చేసేవాడు. ఒక తీర్థంలో మైకు సెట్టు మొరాయించి జనం లేచిపోతుంటే కంగారులో ఒక బూతు వదిలాడు. వెనక కుర్రాళ్ళు ఈలలు, ముందు కూర్చున్న ఆడాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చాపలు చుట్టుకుని వెళ్ళిపోయారు. అక్కడితో పోయిందా, పక్కూరికి ఆ కుర్రాళ్ళే సైకిళ్ళేసుకుని వచ్చి పులస బేరం మొదలెట్టగానే "అది కాదు, ఆ మాట చెప్పు" అని గోల. చెప్పాడు. తర్వాతి ఊళ్ళో ఇంకా పెద్దది అడిగారు. చివరికి పులస బేరమే మానేశాడు. కమిటీలు మమ్మల్ని పిలవడం మానేస్తే మానేశాయి, అంత పనిమంతుడి చేతులు ఆ ముడి మళ్ళీ విప్పలేదే అని ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కాలం మారింది మావయ్యా అంటావు. స్టేజీ మీద బూతులు వాడాడని నువ్వు చెప్పే ఆ అమెరికా కమెడియన్ లెన్నీ బ్రూస్‌కి 1964లో న్యూయార్క్ కోర్టు అశ్లీలమని శిక్ష వేసింది, 1966లో పోయాడు, 2003లో గానీ క్షమాభిక్ష రాలేదు. ఆయనకి మతం మీదా జాతి వివక్ష మీదా చెప్పాల్సింది ఉంది, దానికోసం అంత పడ్డాడు. నువ్వు ట్రాఫిక్ గురించి చెప్తూ తిట్టావు, దాని వెనక ఏముంది నాన్నా? ఆ రోజుల్లోనే బాబ్ న్యూహార్ట్ అని ఇంకో అమెరికా కమెడియన్, అంతకుముందు అకౌంటెంట్ ఉద్యోగం, ఫోన్ పట్టుకుని ఒకవైపు మాటలే చెప్పేవాడు, అవతలోడు ఏమన్నాడో జనమే ఊహించుకుని నవ్వేవారు. ఆ మాటలతో 1960లో వచ్చిన రికార్డుకి ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు ఇచ్చారు. మన రేలంగి గారు 1970లో పద్మశ్రీ అందుకున్నారంటే మొహం, నడక, మాట విరుపే కదా. ఆయ్ అంటూనే అవతలోడి గాలి తీసేసే గోదారోళ్ళం, మనకి ఎటకారం అరువు తెచ్చుకోవాలా?

ఇంకోటి, మా రోజుల్లో అన్న మాట ఆ ఊళ్ళోనే ఉండిపోయేది. ఇప్పుడు ఎవడో నీ వీడియోలో ముక్క కోసి పెడతాడు, రేపు ఉద్యోగం ఇచ్చేవాడూ పిల్లనిచ్చేవాడూ అదే చూస్తాడు, నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ఒక ఏడాది బూతు ముట్టుకోకు. నీ నవ్వు ఎక్కడినుంచి వస్తుందో తెలిశాక నీ ఇష్టం, అప్పుడు నేను అడగను. మీ నాన్న చెరువు గట్టు మీద రొయ్యల కొనుగోలుదారుతో మాట్లాడే తీరు చేసి చూపించేవాడివి కదా, దాన్ని రాయి. ఆదివారం ఫోన్ చేసి వినిపించు, బాగోకపోతే బాగోలేదనే చెప్తా. టైముకి తింటున్నావా లేదా, మీ అమ్మకి అదొకటి బెంగ.

మీ మావయ్య