నాన్నగారి సైకిలుకు మోటారు: చూపు ఎంత, వాడుక ఎంత?

ప్రశ్న: మా నాన్నగారు ముప్పై ఏళ్ళు తొక్కిన రాడ్ బ్రేకుల నల్ల సైకిలు ఇప్పుడు నా దగ్గర ఉంది. రాప్తాడు వైపున్న మా పల్లె నుంచి అనంతపురంలో నేను పనిచేసే అంగడికి పోనూ రానూ 20 కిలోమీటర్లు. దీనికి మోటారు అమర్చి, వందేళ్ళ కిందటి పందెపు మోటారు సైకిళ్ళ మాదిరిగా ఫ్రేము మధ్యలో పొడవాటి ట్యాంకు, కిందికి వంగిన హ్యాండిలు పెట్టి, మడ్‌గార్డులు, క్యారియరు తీసివేయాలని నా కోరిక. 80 సీసీ పెట్రోలు ఇంజను కిట్టు వేసుకోమని తెలిసిన మెకానిక్ ఒకరు చెబుతున్నారు. క్యారియరు తీస్తే టిఫిన్ డబ్బా, విత్తనాల సంచి ఎక్కడ పెడతావని ఇంట్లోవాళ్ళు అడుగుతున్నారు. చూడడానికీ బాగుండాలి, రోజూ పనికీ రావాలి. ఏది ఉంచుకోవాలి, ఏది వదులుకోవాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: పెట్రోలు ఇంజను మాట ముందుగా తేల్చుకుందాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువ ఉన్న బండికి 25 సీసీ లోపు ఇంజను ఉంటేనే అది మోటారు వాహనం కాకుండా పోతుంది. 80 సీసీ పేరుతో అమ్మే కిట్లలో చాలావాటి అసలు పరిమాణం 66 సీసీ దగ్గర ఉంటుంది కాబట్టి, ఎలా లెక్కించినా అది పరిమితి దాటినదే. ఇంట్లో బిగించుకున్న అటువంటి బండిని రిజిస్టరు చేయించడం కుదిరే పని కాదు, బీమా ఉండదు, రేపు ఎవరికైనా తగిలితే మీకు అండగా నిలిచే కాగితం ఒక్కటీ ఉండదు. ఆ ఆలోచన మానుకోండి.

విద్యుత్ మోటారుకు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో మినహాయింపు ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి, బ్యాటరీ కాక బండి బరువు 60 కిలోలు మించరాదు, సరైన బ్రేకులు, ముందు తెల్లని, వెనుక ఎర్రని రిఫ్లెక్టర్లు ఉండాలి. ఈ షరతులను గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ ధ్రువీకరించాలని కూడా నియమం చెబుతుంది కనుక, కిట్టు కొనేటప్పుడు ఆ ధ్రువపత్రం నకలు తప్పక అడగండి. దుకాణదారు 350 వాట్లదైతే ఇంకా బాగా లాగుతుందని చెప్పినా ఒప్పుకోవద్దు.

ఇక అసలు సంగతి. ఈ సైకిలు మీ నాన్నగారిది. దానికి మీరు కొత్తగా చేర్చే ప్రతి వస్తువూ పానాతో విప్పితే తిరిగి ఊడివచ్చేలా ఉండాలని, ఫ్రేముమీద ఒక్క చోటైనా కోత గానీ వెల్డింగు గానీ పడకూడదని నా గట్టి అభిప్రాయం. ఈ ఒక్క నిబంధన పెట్టుకుంటే ఏది ఉంచాలో ఏది వదలాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది.

మొదట బ్రేకులు చూద్దాం. మామూలుగా మీరు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతారు, మోటారు వేశాక 25తో పోతారు. వేగం పెరిగింది రెట్టింపు కూడా కాదనిపిస్తుంది గానీ, బండిని ఆపడానికి బ్రేకులు పీల్చుకోవలసిన శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు మూడింతలవుతుంది. తడిసిన రిమ్ముమీద రాడ్ బ్రేకు ఎంత పట్టుకుంటుందో వానలో తొక్కినవారికి తెలుసు. పైగా ఈ మోటారు ముందు చక్రం నడిమి హబ్బులోనే ఉంటుంది. ముందు ఫోర్కు చివర ఇరుసు కూర్చునే గాడి పాత సైకిళ్ళలో సుమారు 8 మిల్లీమీటర్లే ఉంటుంది, మోటారు ఇరుసులో పక్కలు చదునుగా చెక్కిన భాగం మందమేమో 10 మిల్లీమీటర్లు. ఆకురాయితో గాడిని వెడల్పు చేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. నేనూ మొదటిసారి అదే చేశాను. నెల తిరగకముందే నట్టు వదులై, బయలుదేరుతూ మోటారు తిప్పగానే చక్రానికి బదులు ఇరుసే గాడిలో గిర్రున తిరిగింది. మోటారులోకి వెళ్ళే తీగ తాడులా మెలికపడి తెగింది. అది నడిరోడ్డు మీద వేగంలో ఉండగా కాకుండా ఇంటి గుమ్మం ముందు జరగడం నా అదృష్టం.

అందుచేత పాత ఫోర్కును విప్పి, నూనె రాసి, గుడ్డలో చుట్టి అటకమీద భద్రపరచండి. దాని స్థానంలో వీ-బ్రేకులు, అంటే రిమ్మును రెండు పక్కలనుంచీ నొక్కే తీగ బ్రేకులు, పట్టే దృఢమైన ఉక్కు ఫోర్కు ఒకటి తెచ్చుకోండి. స్టీరింగు గొట్టం మందం, పొడవు, మర సరిపోతాయో లేదో పాత ఫోర్కును వెంట తీసుకువెళ్ళి అంగట్లోనే చూసుకోవాలి. అందులో 26 అంగుళాల రిమ్ముకు ముందే అల్లిన మోటారు చక్రం బిగించండి. నాన్నగారి రిమ్మునే వాడాలని మీకు అనిపించవచ్చు గానీ, పాత తరహా సైకిళ్ళలో ముందు రిమ్ముకు 32, వెనుక రిమ్ముకు 40 రంధ్రాలుంటాయి, మోటారు హబ్బుకు సాధారణంగా 36 ఉంటాయి, పుల్లలు కుదరవు. వెడల్పాటి టైరు వేస్తే రెండు చక్రాల ఎత్తులో తేడా బాగా తగ్గుతుంది, దూరం నుంచి ఎవరికీ కనబడదు. ఇరుసు తిరగకుండా పట్టుకునే ఉక్కు పట్టీని, అంటే టార్క్ ఆర్మ్‌ను, తప్పనిసరిగా బిగించండి. బ్రేకు నొక్కగానే మోటారు ఆగిపోయే స్విచ్చు ఉన్న లీవరునే తీసుకోండి. వెనుక రాడ్ బ్రేకు ఉన్నచోటనే ఉండనివ్వండి. అది పనిచేస్తుంది, దాని నికెలు కడ్డీల అందం మరే బ్రేకుకూ రాదు.

ట్యాంకు విషయంలో మాత్రం మీ కోరికతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పెద్ద సైకిలు ఫ్రేము మధ్యలోని ఖాళీ బ్యాటరీకి అన్నిటికన్నా మంచి చోటు, ఎందుకంటే బరువు రెండు చక్రాల మధ్యన, తక్కువ ఎత్తులో నిలుస్తుంది. అదే బరువు క్యారియరు మీద పెడితే వెనుక భారమై, ముందు చక్రం చేతికి తేలిపోతుంది. మీ దూరానికి 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ చాలు. అందులో 360 వాట్ అవర్లు ఉంటాయి. కిలోమీటరుకు 15 చొప్పున ఖర్చయినా 24 కిలోమీటర్లు వస్తుంది, కాస్త తొక్కుతూ ఉంటే మిగులుతుంది కూడా. ఇటువంటి బ్యాటరీలో 40 చిన్న సెల్లులు ఉండవచ్చు. ఒక్కొక్కటి 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. వాటిని ఫ్రేముకు అడ్డంగా పడుకోబెట్టి కట్టినది అడగండి, అప్పుడు ట్యాంకు మొత్తం వెడల్పు ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. అంతకన్నా బాగా లావైతే తొక్కేటప్పుడు మోకాళ్ళు రాసుకుంటాయి. ముందు అట్టతో నమూనా కత్తిరించి, ఫ్రేములో ఇరికించి, వీధి చివరిదాకా ఒకసారి తొక్కి చూశాకే రేకుపని చేసేవారి దగ్గరకు వెళ్ళండి.

రేకు అంచులు లోపలికి మడిచి, లోపలంతా రబ్బరు అతికించాలి, లేకుంటే కుదుపులకు రేకు అంచు బ్యాటరీ పైపొరను కోస్తుంది. ఫ్యూజు, బీఎంఎస్ (సెల్లులు అతిగా ఛార్జి కాకుండా, అతిగా ఖాళీ కాకుండా కాపాడే సర్క్యూటు) లేని బ్యాటరీని ఆ పెట్టెలో పెట్టవద్దు. అడుగున నీరు కారిపోవడానికి రెండు చిన్న రంధ్రాలు వేయించండి. రంగు మాత్రం నలుపు వద్దు. అనంతపురం మే నెల ఎండలో నల్ల రేకుపెట్టె కుంపటి అవుతుంది. ఫ్రేము నల్లగానే ఉండనిచ్చి ట్యాంకుకు మీగడ రంగు వేసి సన్నని ఎర్ర గీత గీయించండి, మీరు కోరిన పాతకాలపు తీరు అందులోనే వస్తుంది. ఎండలో వచ్చిన వెంటనే ఛార్జింగు పెట్టకుండా బ్యాటరీ చల్లబడనివ్వండి. 45 డిగ్రీలు దాటిన లిథియం సెల్లులను ఛార్జి చేయరాదు.

వంగిన హ్యాండిలు వదిలేయండి. పందెగాడు ఆ భంగిమలో కొద్దిసేపు ఉంటాడు, మీరు రోజూ 20 కిలోమీటర్లు, గతుకుల మీద, ఉండాలి. క్యారియరు విషయంలో ఇంట్లోవాళ్ళదే సరైన మాట. 1972లో వచ్చిన లూనాను, 1980లో వచ్చిన టీవీఎస్ 50ని మన పల్లెలు అంతగా ఆదరించింది సంచి వేసుకోవడానికి చోటు ఉన్నందుకే. మడ్‌గార్డులు కూడా ఉంచండి. వాన తక్కువ జిల్లా అయినా కురిసిన నాలుగు రోజులూ ఎర్రమట్టి ట్యాంకుమీదకే చిమ్ముతుంది.

మోటారు కంటే ఎక్కువగా చూపును చెడగొట్టేవి తీగలు. పొడవు ఎక్కువైన తీగను చుట్టలు చుట్టి ఫ్రేముకు కట్టేయకుండా, కొలిచి తగ్గించి, నల్లని గొట్టంలో దూర్చి బ్రేకు కడ్డీల వెంటే నడిపించండి. మోటారు తీగ ఇరుసులోకి వెళ్ళే ముందు ఒక వంపు కిందికి దిగి పైకి రావాలి, అప్పుడు వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఉన్న దారిలో పంక్చర్లు తప్పవు కనుక, చక్రం ఊడదీయకుండా ట్యూబును ఒక పక్కనుంచి లాగి ప్యాచి వేయడం నేర్చుకోండి.

ప్రశ్న: చిన్న గేర్ల మోటారు కంటే పెద్ద డ్రమ్ము లాంటి మోటారు చూడడానికి గంభీరంగా ఉంది. వారానికొకసారి గువ్వలచెరువు ఘాటు ఎక్కాలి. ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: చిన్నదే కొనండమ్మా. పెద్దది నేరుగా తిరిగే రకం, బరువు దాదాపు రెట్టింపు. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గితే దానిలో కరెంటు ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. చిన్నదానిలో గేర్లు ఉంటాయి కనుక మోటారు వేగంగా తిరుగుతూ చక్రాన్ని నెమ్మదిగా, బలంగా తిప్పుతుంది. మోటారు ఆపి తొక్కినా అడ్డుపడదు. అయినా 250 వాట్లతో ఆ ఘాటు ఎక్కాలంటే మీరూ తొక్కవలసిందే. మలుపుల దగ్గర ఆగి, మోటారు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. దిగేటప్పుడు లారీల రద్దీ లేని వేళ చూసుకొని, రెండు బ్రేకులూ మార్చి మార్చి వాడుతూ దిగండి.