పసుపు సారం మాత్రలు క్యాన్సర్ మూలకణాలను చంపుతాయా?

ప్రశ్న: మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. కీమో సగంలో ఉంది. పసుపు సారం మాత్రలు క్యాన్సర్ మూలకణాలను చంపేస్తాయని, జబ్బు తిరగబెట్టదని బంధువులు తెచ్చిచ్చారు. డాక్టరు కోప్పడతారేమోనని అమ్మకు టెన్షన్. చెప్పకుండా వాడొచ్చా?

జవాబు: చెప్పకుండా మాత్రం వద్దమ్మా. కీమో మందులు కలిపి సిద్ధం చేసే ఫార్మసిస్టుని నేను. ఇంట్లో వేసుకునే ప్రతి మాత్ర, ప్రతి పొడి సంచిలో వేసి తెమ్మని పేషెంట్లందరినీ అడుగుతాను. 2002లో వెలువడిన ఒక పరిశోధనలో, రొమ్ము క్యాన్సర్ ఉన్న ఎలుకలకు మేతలో పసుపులోని కర్క్యుమిన్ అనే పదార్థం కలిపి పెడితే సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందు పనితీరు తగ్గింది. మనుషుల్లోనూ అలాగే జరుగుతుందని అనను. కానీ కీమో నడుస్తుండగా ఆ రిస్కు ఎందుకు?

బంధువులు చెప్పినదాంట్లో కొంత నిజముంది. కీమోకి లొంగకుండా మిగిలి, మళ్లీ కణితిని పెంచగల కణాలు కొన్ని ఉంటాయి. క్యాన్సర్ మూలకణాలంటే అవే. రొమ్ము క్యాన్సర్‌లో వాటిని 2003లో గుర్తించారు. ల్యాబ్‌లో కర్క్యుమిన్ వాటిని అణచిన మాటా నిజమే. అయితే అక్కడ మందు నేరుగా కణాల మీద పడుతుంది. మాత్రగా మింగితే పేగుల్లో, కాలేయంలోనే చాలావరకు మారిపోతుంది, రక్తంలోకి చేరేది అతి స్వల్పం.

మొక్కలంటే నాకు చిన్నచూపు లేదు. నేను రోజూ కలిపే విన్‌క్రిస్టీన్ అనే కీమో మందు బిళ్ళ గన్నేరు నుంచి వచ్చిందే. మూలకణాల విషయంలో నాకు బాగా నచ్చే ఉదాహరణ కార్న్ లిల్లీ. 1950ల్లో అమెరికాలోని ఐడహోలో ఈ మొక్క తిన్న గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుట్టాయి. కారణం అందులోని సైక్లోపమైన్ అనే పదార్థం. అది కణాలను పెరగమని చెప్పే హెడ్జ్‌హాగ్ అనే సంకేతాన్ని అడ్డుకుంటుందని తర్వాత తేలింది. కొన్ని క్యాన్సర్లలో మూలకణాలకు బలమిచ్చేది ఆ సంకేతమే. అలాగని ఆ మొక్క సారాన్నే ఎవరూ మందుగా ఇవ్వలేదు. అదే సంకేతాన్ని ఆపే విస్మోడెగిబ్ అనే మందును వేరుగా తయారుచేసి, మనుషులపై పరీక్షించాక, 2012లో ఒక రకం చర్మ క్యాన్సర్‌కు అనుమతించారు. మీ చేతిలో ఉన్న మాత్రలు అంత దూరం రాలేదు.

వంటలో వేసే పసుపు గురించి కాదు నా భయం, గాఢంగా తీసిన సారం గురించే. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపించండి. ఏ రోజు నుంచి, రోజుకు ఎన్ని వేసుకున్నారో కాగితం మీద రాసి, సీసాతో సహా డాక్టరుకు చూపించండి.