ఫ్రాన్స్‌లో బేకరీకి వెళ్తే ముందు రొట్టె కొనండి

మీరు సెప్టెంబరులో చదువుకి ఫ్రాన్స్ వెళ్తున్నారు, అక్కడి బేకరీల్లో ఏం కొనాలి, ఎలా అడగాలి, గుడ్డు కూడా తినని వాళ్ళకి ఏమైనా దొరుకుతుందా అని అడిగారు. నేను ఉద్యోగం కోసం వచ్చి తులూజ్‌లో స్థిరపడ్డాను. మా వీధి చివరే బేకరీ ఉంది, ఇంచుమించు రోజూ వెళ్తాను. నాకు తెలిసింది చెప్తాను.

మనవాళ్ళు చాలామంది లోపలికి అడుగు పెట్టగానే అద్దాల వెనక కేకుల దగ్గర ఆగిపోతారు. కేకులు బాగుంటాయి, కాదనను. కానీ ఫ్రెంచి బేకరీ పనితనం తెలిసేది వెనక గోడకి నిలబెట్టిన పొడుగు రొట్టెల్లో. మీరు గుడ్డు తినరు కాబట్టి మీకు మరీ మంచిది, ఎందుకంటే ఆ రొట్టెలో గుడ్డు లేదు, పాలు లేవు, వెన్న కూడా లేదు.

ఆ పొడుగు రొట్టె పేరే బగెట్. ధరల పలక మీద ఆ పేరు రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి మామూలు బగెట్, రెండోది 'త్రదిస్యోన్'. రెండోది కొన్ని సెంట్లు ఎక్కువ. అదే తీసుకోండి. దీనికో చట్టం ఉంది. సూపర్ మార్కెట్లలో ఫ్యాక్టరీ రొట్టె పెరిగిపోయి చేత్తో చేసేవాళ్ళు దెబ్బతింటున్న రోజుల్లో, 1993లో ప్రభుత్వం ఒక డిక్రీ తెచ్చింది. ఆ పేరుతో అమ్మే రొట్టెలో గోధుమ పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ లేదా పులియబెట్టి ఉంచుకున్న పిండి మాత్రమే ఉండాలి. బాకలా చిక్కుడు పిండి, సోయా పిండి, మాల్ట్ పిండి అతి కొద్ది మోతాదులో కలపవచ్చు. ఇంకే రసాయనమూ వెయ్యకూడదు. ఏ దశలోనూ ఫ్రీజ్ చెయ్యకూడదు. రుచి కోసం ఏ పొడులూ కలపడానికి వీల్లేదు కాబట్టి ఆ రుచంతా పిండి నెమ్మదిగా పులవడం వల్లే రావాలి. మంచి చోట రాత్రి కలిపిన పిండి పొద్దున్నకి గానీ ఓవెన్‌లోకి వెళ్ళదు. కాల్చేటప్పుడు ఓవెన్‌లోకి ఆవిరి వదులుతారు, పైపెంకుకి ఆ మెరుపు అందుకే వస్తుంది. పైన బ్లేడుతో పెట్టిన గాట్లు విచ్చుకుని అంచులు పైకి లేస్తాయి. విరిస్తే లోపల మీగడ రంగులో ఉండాలి, చిన్నా పెద్దా రంధ్రాలు కలగలిసి ఉండాలి. తెల్లగా దూదిలా ఒకే తీరుగా ఉందంటే ఇంకో కొట్టు చూసుకోండి.

కొట్టు ఎంచుకోవడానికి పైన బోర్డు చదవండి. 1998 చట్టం ప్రకారం పిండి కలపడం, పులియబెట్టడం, ఆకారం చెయ్యడం, కాల్చడం అన్నీ తనే అమ్మేచోట చేసే వాళ్ళకే 'బూలాంజెరీ' అని రాసుకునే హక్కు. తెచ్చి అమ్మే చోట 'దెపో ద పాన్' అని ఉంటుంది. అయితే ఈ రక్షణ రొట్టెకి మాత్రమే. వెన్నతో పొరలు పొరలుగా చేసే క్రువసాన్లకి ఇది వర్తించదు. బోర్డు మీద బూలాంజెరీ అని ఉన్నా, క్రువసాన్లు ఫ్యాక్టరీ నుంచి ఫ్రీజ్ అయి వచ్చినవి కావచ్చు, పొద్దున్నే కాల్చి పెడతారంతే. అందుకే 'ఫె మెజోన్', అంటే ఇక్కడే చేసినది, అని రాసి ఉందో లేదో చూస్తాను, లేకపోతే అడుగుతాను. ఇక్కడ చేసినవేనా అని మర్యాదగా అడిగితే ఎవరూ తప్పు పట్టుకోరు. తన చేత్తో చేసేవాళ్ళయితే సంతోషంగా చెప్తారు.

ఇక అడిగే పద్ధతి. తలుపు తోసి లోపలికి వెళ్ళగానే 'బోన్‌జూర్' అనాలి. ముందు పలకరింపు, తర్వాతే పని. పలకరించకుండా నేరుగా ఏం కావాలో చెప్తే ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది, దాన్ని వాళ్ళు నిజంగానే అమర్యాద కింద తీసుకుంటారు. మీ వంతు వచ్చాక 'యూన్ త్రదిస్యోన్, సిల్ వు ప్లే' అంటే చాలు. బాగా ఎర్రగా కాలినది కావాలంటే 'బియాన్ క్విత్' అని చేర్చండి, తక్కువ కాలినది కావాలంటే 'పా త్రో క్విత్'. ఫ్రెంచివాళ్ళలో చాలామంది తెల్లగా, మెత్తగా ఉన్నది అడుగుతారు. నా మటుకు బాగా కాలినదే రొట్టె, పెంకులో ఆ కమ్మదనం వేడికే వస్తుంది. మా బేకరీ ఆవిడకి ఇది తెలుసు, నన్ను చూడగానే వెనక నుంచి ఎర్రటిది వెతికి తీస్తుంది. ఒక్కరే ఉంటే సగం బగెట్ కూడా అడగవచ్చు, అక్కడే కోసి ఇస్తారు. వెళ్ళేటప్పుడు 'మెర్సీ, బోన్ జుర్నే' అని చెప్పి రండి.

ఎప్పుడు వెళ్ళాలన్నది కూడా ముఖ్యం. మంచి బేకరీలో రోజుకి చాలా వాయిలు కాలుస్తారు. పొద్దున ఏడు ప్రాంతంలో ఒకటి, మధ్యాహ్నం భోజనానికి ముందు, మళ్ళీ సాయంత్రం ఆఫీసులు వదిలే వేళకి. సాయంత్రం లైను వీధిలోకి వస్తుంది. మన ఇళ్ళల్లో పాలు పోయించుకున్నంత రోజువారీ పని వాళ్ళకిది. కొవ్వు లేని రొట్టె కాబట్టి మర్నాటికి గట్టిపడిపోతుంది, అందుకే ఎంత కావాలో అంతే కొంటారు. ఇంటికి నడుస్తూ చివర మొన విరిచి నోట్లో వేసుకోవడం చిన్నా పెద్దా అందరికీ అలవాటే. బల్ల మీద రొట్టెని పళ్ళెంలో కాకుండా పక్కనే గుడ్డ మీద పెట్టుకుంటారు. తలకిందులుగా మాత్రం పెట్టకండి, పెద్దవాళ్ళు వెంటనే తిప్పేస్తారు. పూర్వం తలారి కోసం బేకరీవాడు పక్కన పెట్టే రొట్టెకి గుర్తుగా అలా తిప్పి ఉంచేవాడని, అందుకే అది అపశకునమని చెప్పుకుంటారు. మిగిలిన రొట్టెతో పాలు, గుడ్డు కలిపి 'పాన్ పెర్దూ' చేసుకుంటారు. నేను మిగిలింది ముక్కలు కోసి ఫ్రీజర్లో పెట్టి టోస్టు చేసుకుంటాను.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు వెచ్చటి త్రదిస్యోన్‌ని చీల్చి, నెయ్యి రాసి, కందిపొడి చల్లి తినేది. మీరూ ప్రయత్నించండి, ఆ పులుపుకి పొడి కారం బాగా కలుస్తుంది. ముద్దపప్పుతో కూడా బాగుంటుంది.

గుడ్డు, మాంసం సంగతి విడిగా చెప్పాలి. సాదా రొట్టెలు, అంటే బగెట్, పాన్ ద కంపాన్య్ అనే పల్లెటూరి రొట్టె, రై పిండి రొట్టె సాధారణంగా ఏ ఇబ్బందీ లేనివి. బ్రియోష్ అనే మెత్తటి తీపి రొట్టెలో గుడ్లు ఎక్కువ. క్రువసాన్ పిండిలో వెన్న ప్రధానం, గుడ్డు ఉండకపోవచ్చు గానీ పైన మెరుపు కోసం గుడ్డు సొనే పూస్తారు. కీష్ అనే ఉప్పటి టార్ట్ అంటే గుడ్డే, పైగా లొరేన్ రకంలో పంది మాంసం ముక్కలు ఉంటాయి. మధ్యాహ్నం శాండ్‌విచ్‌లలో 'క్రుదితే' (పచ్చి కూరగాయలు) అని రాసినంత మాత్రాన శాకాహారం అనుకోవద్దు, కూరగాయల మధ్య ఉడికించిన గుడ్డో ట్యూనానో ఉంటుంది. మూస్, బవర్వా లాంటి మెత్తటి కేకుల్లో జెలటిన్ వేస్తారు, ఇక్కడ అది ఎక్కువగా పంది నుంచి తీసిందే. 'ఎస్క్ ఇల్ య ద లా జెలతిన్?', అంటే ఇందులో జెలటిన్ ఉందా, అన్న ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్ళండి. మాంసం తినకపోవడం ఇప్పుడు వాళ్ళకీ తెలిసిన విషయమే, ఓపికగా సమాధానం చెప్తారు.

గుడ్డు పట్టింపు లేని మిత్రుల కోసం కొంచెం. క్రువసాన్ కొంటే వెన్నతో చేసినదే కొనండి, 'ఓ బర్' అని రాసి ఉంటుంది. సాధారణంగా అది తిన్నగా ఉంటుంది, వంకర తిరిగింది మార్గరీన్‌ది. ఈ వంటకం వియన్నా నుంచి వచ్చింది, ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియా మనిషి 1830ల చివర్లో పారిస్‌లో వియన్నా తరహా బేకరీ పెట్టాడు. చాక్లెట్ పెట్టి చుట్టినదాన్ని మా తులూజ్‌లో 'షొకొలాతిన్' అంటారు, పారిస్‌లో 'పాన్ ఓ షొకొలా' అనండి. కేకుల్లో నాకు ఇష్టమైనది పారీ-బ్రెస్ట్. హేజెల్‌నట్ పేస్టు కలిపిన క్రీమును లోపల బోలుగా పొంగే గుండ్రటి షూ పేస్ట్రీలో నింపుతారు. పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిల్ పందెం పేరు మీద 1910లో లూయీ దురాన్ అనే కేకులు చేసే ఆయన చేశాడు, చక్రంలా ఉండేది అందుకే. బోర్దో వెళ్తే కానలే తినండి, బ్రెతాన్య్ వెళ్తే కూయిన్ అమాన్.

ఇంకొకటి చెప్పాలి. పారిస్ నగరం 1994 నుంచి ఏటా ఉత్తమ త్రదిస్యోన్ బగెట్ పోటీ పెడుతోంది. గెలిచినవారికి 4000 యూరోలు, ఏడాది పాటు అధ్యక్ష భవనానికి రొట్టె పంపే గౌరవం. 2023లో గెలిచింది తర్షన్ సెల్వరాజా, శ్రీలంక నుంచి వచ్చిన తమిళుడు. బగెట్ చేసే విద్యను యునెస్కో తన జాబితాలో చేర్చిన మరుసటి ఏడాదే అది. బియ్యం తిని పెరిగిన మనిషి వాళ్ళ రొట్టెని వాళ్ళకంటే బాగా చేశాడని ఒప్పుకున్నారు. నాకు అది ఎంతో సంతోషం కలిగించింది.

వారానికి ఒక రోజు కొట్టు మూసి ఉంటుంది, చాలా చోట్ల సోమవారం. ఆగస్టులో వారాలకి వారాలు సెలవు పెట్టేస్తారు, తలుపు మీద కాగితం అంటిస్తారు. ఆదివారం పొద్దున మాత్రం చాలా చోట్ల తెరిచే ఉంటుంది, ఆ పూట కేకుల డబ్బా పట్టుకుని ఇళ్ళకి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. మిమ్మల్ని భోజనానికి పిలిస్తే తీపి మీరు తెస్తానని ముందే చెప్పండి, లేకపోతే వాళ్ళూ చేసి ఉంటారు.

జనవరిలో మీ కాలేజీలోనో ల్యాబులోనో 'గలెత్ దె ర్వా', అంటే రాజుల కేకు, తప్పకుండా కోస్తారు. అసలు పండగ, క్రైస్తవుల ఎపిఫనీ, 6వ తేదీ, కానీ నెలంతా నడుస్తుంది. పొరలు పొరలుగా లేచే పిండిలో బాదం క్రీమ్ పెట్టి కాలుస్తారు. దక్షిణాన పండ్ల ముక్కలు అద్దిన బ్రియోష్ కూడా ఉంటుంది. లోపల చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్ళకి కాగితం కిరీటం. ముక్కలు పంచేటప్పుడు అందరిలో చిన్నవారు బల్ల కిందకి దూరి, ఏ ముక్క ఎవరికో పేరు పిలుస్తారు, పెద్ద ముక్క ఎవరికి వెళ్తుందో పైన కోసేవాళ్ళ చేతిలో లేకుండా. అధ్యక్ష భవనంలో కోసే గలెత్‌లో మాత్రం బొమ్మ పెట్టరు, గణతంత్రంలో రాజు ఉండకూడదని. ఇందులో గుడ్డు ఉంటుంది కాబట్టి మీరు తినలేరు. ఆ సంగతి ముందే చెప్పండి, కానీ గదిలోంచి వెళ్ళిపోకండి. బల్ల కింద నుంచి పేర్లు పిలవడం మీ వంతుకి వస్తే ఒప్పుకోండి, దానికి గలెత్ తినక్కరలేదు.