కొలోస్టమీ అయిన బాబుకి పెద్ద ఆపరేషన్ ముందు మళ్ళీ డై ఎక్స్‌రే ఎందుకు?

మలద్వారం లేకుండా పుట్టిన బాబుకి హైదరాబాద్‌లో కొలోస్టమీ (మలం బయటికి రావడానికి పొట్ట మీద పేగు నోరు తెరవడం) చేశారని, ఇప్పుడు మలద్వారం చేసే పెద్ద ఆపరేషన్ ముందు డిస్టల్ కొలోస్టోగ్రామ్ (కింది పేగులోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రే) రాశారని, పుట్టినప్పుడే ఎక్స్‌రే తీశారు కదా, మళ్ళీ అవసరమా అని ఒకరు అడిగారు. అవసరమే. అది లేకుండా ఆపరేషన్‌కి ఒప్పుకోకండి.

పుట్టిన కొత్తలో బోర్లా పడుకోబెట్టి, పిర్రలు ఎత్తి తీసిన ఎక్స్‌రేలో పేగులో గాలి ఎంతవరకు దిగిందో మాత్రమే తెలుస్తుంది. కొలోస్టమీ కావాలో వద్దో తేల్చడానికి అది చాలు. కానీ మగపిల్లల్లో చాలామందికి పేగు చివర సన్నటి దారితో మూత్రనాళంలోకో, మూత్రాశయం మెడలోకో కలిసి ఉంటుంది. మెడ దగ్గర కలిస్తే పేగు వెనకవైపు నుంచి అందదు, పొట్టలోంచి వెళ్ళాలి. తెలియకుండా వెనక కోసి వెతికితే మూత్రనాళం తెగే ప్రమాదం ఉంది.

పరీక్ష ఎలా చేస్తున్నారన్నదే అసలు సంగతి. ముందు కింది పేగుని సెలైన్‌తో కడగాలి. మలద్వారం ఉండాల్సిన గుంట మీద చిన్న లోహపు గుర్తు అంటించాలి. పొట్ట మీది రెండు స్టోమాల్లో (పేగు నోళ్ళలో) మలం రాని రెండో దాంట్లోకి సన్నటి ఫోలీ ట్యూబు పెట్టి, లోపల బెలూన్ ఉబ్బించి, మెల్లగా వెనక్కి లాగి పట్టుకోవాలి, లేకపోతే డై బయటికి కారిపోతుంది. బేరియం వద్దు, నీళ్ళలో కలిసే డై వాడాలి. బాబుని సరిగ్గా పక్కకి తిప్పి, ఫ్లోరోస్కోపీలో (కదిలే ఎక్స్‌రేలో) చూస్తూ సిరంజితో నిదానంగా ఒత్తిడి పెంచాలి.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కటి కండరాలు పేగు చివరని నొక్కి మూసేస్తాయి. ఒత్తిడి చాలకపోతే డై గీత గీసినట్టు సమంగా ఆగిపోతుంది. అక్కడితో ఆపేసి "ఫిస్టులా (పేగుకీ మూత్రమార్గానికీ మధ్య దారి) లేదు" అని రిపోర్టు రాసేస్తారు. చివర గుండ్రంగా సాగి, ముక్కులా మొనదేలి, డై మూత్రాశయం నింపి, బాబు మూత్రం పోసేదాకా ఆగాలి. పోస్తుండగా తీసిన ఒక్క ఫొటోలో పేగు, దారి, మూత్రనాళం, వెన్నెముక చివర, లోహపు గుర్తు అన్నీ కనబడాలి. అలాగని బలంగా తోస్తే పేగు చిరుగుతుంది.

అందుకే పెద్దవాళ్ళకి మాత్రమే చేసే వీధి చివరి స్కానింగ్ సెంటర్‌లో చేయించకండి. నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రిలో, వీలైతే ఆపరేషన్ చేసే సర్జన్ పక్కన ఉండగా చేయించండి. వాట్సాప్‌లో పంపే ఫిల్మ్ ఫొటోతో ఏ సర్జనూ కొలత వేయలేరు, సీడీ అడిగి తీసుకోండి. కిడ్నీ, వెన్నుపాము అల్ట్రాసౌండ్, గుండె ఎకో కాకపోయి ఉంటే అవీ అడగండి. వెన్నుపాము మూడు నెలల లోపే అల్ట్రాసౌండ్‌లో బాగా కనబడుతుంది.

పరీక్ష తర్వాత జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకండి. పేగులోని మలినం డైతో పాటు మూత్రాశయంలోకి పోయి ఇన్‌ఫెక్షన్ అయ్యుండొచ్చు.